సొంత పాటను మీ పేరు మీదే విడుదల చేయడం ఎలా? వరంగల్ వైపు రాసి పాడేవాళ్ల కోసం

వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు పాట రాసి పాడేవాళ్లకు కొదవ లేదు. యూట్యూబ్‌లో లక్షల వ్యూస్ దాటిన జానపదాలు ఎన్నో ఇక్కడ పుట్టినవే. కానీ రాసినవాళ్లలో, పాడినవాళ్లలో చాలామందికి ఛానల్ వాళ్లు ఒకసారి చేతిలో పెట్టిన పైసలే దక్కుతాయి. తర్వాత ఆ పాట బరాత్‌లో మోగినా, రీల్స్‌లో తిరిగినా వాళ్లకు రూపాయి రాదు. ప్రతిసారీ ఇందులో మోసం ఉండకపోవచ్చు. పాట ఎవరి పేరు మీద ఉందో మొదట్లోనే రాసుకోకపోవడం వల్లే ఎక్కువసార్లు ఇలా జరుగుతుంది. అందుకే మైకు కొనే ముందు కాగితం పని చూడండి.

1. పాట ఎవరిదో ముందే రాసుకోండి

ఒక పాటలో రెండు వేర్వేరు ఆస్తులుంటాయి. సాహిత్యం, బాణీ ఒకటి. దాన్ని పాడి తయారుచేసిన ఆడియో ఇంకోటి, దీన్నే మాస్టర్ అంటారు. సాహిత్యం రాసినవారిది, బాణీ కట్టినవారిది. మాస్టర్ మాత్రం రికార్డింగ్‌ను తలపెట్టి, ఖర్చు నెత్తిన వేసుకుని పూర్తిచేయించిన నిర్మాతది. మీరే రాసి, మీరే ట్యూన్ కట్టి, మీ పైసలతోనే రికార్డ్ చేయిస్తే అన్నీ మీవే. ఛానల్ వాళ్లు స్టూడియో ఖర్చు పెట్టుకుంటే మాస్టర్ వాళ్లదవుతుంది. సాహిత్యం, బాణీ మాత్రం మీరు రాసిస్తే తప్ప వాళ్లవి కావు.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు పాట పుట్టగానే వస్తుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. సాహిత్యానికి, బాణీకి రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. మాస్టర్‌కు విడుదలైనప్పటి నుంచి 60 ఏళ్లు. రేపు తగాదా వస్తే చూపించడానికి రిజిస్ట్రేషన్ పనికొస్తుంది. కాపీరైట్ కార్యాలయం వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. సాహిత్యానికైనా సంగీతానికైనా ఒక్కో రచనకు 500 రూపాయలు, సౌండ్ రికార్డింగ్‌కు 2,000. అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాకే ఫైల్ ముందుకు కదులుతుంది. ప్రతి పాటకూ ఈ ఖర్చు అక్కర్లేదు, బాగా పోతుందని నమ్మకమున్న పాటలకు చేయించండి. మిగతావాటికి తేదీ వేసిన రాతప్రతి, ఫోన్‌లో హమ్ చేసిన మొదటి రికార్డింగ్, మీకు మీరే పంపుకున్న మెయిల్ దాచి పెట్టుకుంటే చాలావరకు పని జరుగుతుంది.

ఎవరైనా ఒప్పంద పత్రం ఇస్తే అందులో ఐదు సంగతులు వెతకండి: ఏ పాట, ఏయే హక్కులు, ఎన్నేళ్లు, ఏ ప్రాంతం, ఎంత రాయల్టీ. గడువు రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా లెక్కిస్తుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం చేస్తుంది. తీసుకున్నవారు ఏడాదిలోగా ఆ హక్కును వాడకపోతే, వేరేగా రాసుకోని పక్షంలో అది రద్దవుతుంది. "ఔట్‌రైట్‌గా అన్ని హక్కులూ ఇచ్చేశాను" అని సంతకం పెట్టినవాళ్లు కూడా పూర్తిగా ఆశ వదులుకోనక్కర్లేదు. 2012 సవరణ తర్వాత, సాహిత్యానికి, బాణీకి వచ్చే రాయల్టీలో రచయితలకు, స్వరకర్తలకు హక్కు తీసుకున్నవాళ్లతో సమాన వాటా ఉంటుంది. వారసులకు, రాయల్టీ వసూలు చేసి పంచే కాపీరైట్ సొసైటీకి తప్ప దాన్ని ఎవరికీ వదులుకోవడం చెల్లదు.

ఇద్దరు ముగ్గురు కలిసి చేసే పాటైతే ఒక పేజీ చాలు. పాట పేరు, తేదీ, సాహిత్యం ఎవరిది ఎంత శాతం, బాణీ ఎవరిది ఎంత శాతం, మాస్టర్ ఎవరిది అని రాసి అందరూ సంతకం పెట్టాలి. కంప్యూటర్‌లో తాళం కట్టే రిథమ్ ప్రోగ్రామర్‌కు, కోరస్ పాడినవాళ్లకు కూలి ఇచ్చినప్పుడు "పూర్తి చెల్లింపు అందింది, మాస్టర్‌లో వాటా లేదు" అని రసీదు తీసుకోండి. పాట ఇంకా హిట్ కాకముందే ఈ పని చేయాలి. హిట్ అయ్యాక పేజీ రాద్దామంటే ఎవరి శాతం వాళ్లకు పెద్దగానే కనిపిస్తుంది.

జానపదం విషయంలో ఒక హెచ్చరిక. పాత బతుకమ్మ పాట, కోలాటం పాట అందరి సొత్తు. వాటికి మీరు కలిపిన కొత్త చరణాలు, మీరు చేసిన రికార్డింగ్ మాత్రమే మీవి. అయితే ఊరంతా పాడుతున్నారు కాబట్టి జానపదమే అనుకోవద్దు. తెలంగాణ ఉద్యమ కాలంలో ఊరూరా తిరిగిన పాటల్లో చాలావాటికి రచయితలున్నారు, వాళ్ల హక్కులూ ఉన్నాయి. పల్లవి ఎక్కడిదో నలుగురు పెద్దవాళ్లను అడిగాకే ట్రాక్ మొదలుపెట్టండి.

2. శ్రుతి, వేగం ఖాయం చేసుకోండి

మన వైపు పాటల్లో గొంతు పైస్థాయిలో లేచి పలకడం అలవాటు. పల్లవికి సరిపోయిన శ్రుతి మూడో చరణానికి గొంతు పట్టేయొచ్చు. కాబట్టి పాటలో అన్నింటికంటే పై స్వరం ఉన్న చోటు వెతికి, దాన్ని వరసగా పదిసార్లు పాడండి. పదోసారి గొంతు బిగుసుకుంటే అర శ్రుతి దించండి. ఐదున్నర నుంచి ఐదుకు, రెండు నుంచి ఒకటిన్నరకు దిగితే వినేవాళ్లకు తేడా తెలియదు, మీ గొంతుకు తెలుస్తుంది. తర్వాత క్లిక్ (లయకు టిక్ టిక్ మనే శబ్దం) పెట్టి వేగం ఖాయం చేసుకోండి. క్లిక్ లేకుండా పాడిన పాటకు తర్వాత డప్పు, తబలా కలపాలంటే ప్రోగ్రామర్‌కు రెట్టింపు పని, మీకు రెట్టింపు బిల్లు.

3. గొంతు రికార్డింగ్

హన్మకొండలో, కరీంనగర్‌లో గంటల లెక్కన కిరాయికిచ్చే స్టూడియోలున్నాయి. ఒకటి రెండు పాటలకైతే అదే లాభం. ఏడాదికి ఐదారు పాటలు చేసే ఉద్దేశం ఉంటే ఇంట్లో గొంతు వరకైనా రికార్డ్ చేసుకునే ఏర్పాటు పెట్టుకోండి. రెండు ఇన్‌పుట్‌ల ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె), కండెన్సర్ మైకు, ఎక్స్ఎల్ఆర్ కేబుల్, స్టాండు, పాప్ ఫిల్టర్, చెవుల్ని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్ ఉంటే సరిపోతుంది. సాఫ్ట్‌వేర్‌గా రీపర్‌ను 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు, బ్యాండ్‌ల్యాబ్ ఉచితమే. కండెన్సర్ మైకుకు ఇంటర్‌ఫేస్ మీద 48 వోల్టుల బటన్ నొక్కాలి. మైకు పాడైందని తిరిగిచ్చేవాళ్లలో కొందరు ఈ బటన్ నొక్కనివాళ్లే.

మైకు ఖరీదు కంటే గది ముఖ్యం. స్లాబు ఇంట్లో ఖాళీ గది అంటే గోడ నుంచి గోడకు శబ్దం కొట్టుకుంటూనే ఉంటుంది. గదిలో నిలబడి గట్టిగా ఒకసారి చప్పట్లు కొట్టండి, చివర "ట్రింగ్" మని మోగితే ఆ గది పనికిరాదు. బట్టలు నిండిన బీరువా ముందు తలుపులు తెరిచి, వెనుక గోడకు రెండు పరుపులు నిలబెట్టి, పక్కన తాడు కట్టి బొంతలు వేలాడదీస్తే ఆ మోత చాలావరకు చస్తుంది. గోడకు అంటించే పల్చని ఫోమ్ పలకలకు పైసలు పెట్టొద్దు. అవి పైస్థాయి శబ్దాన్ని మాత్రమే మింగి గొంతును మొద్దుగా చేస్తాయి. రేకుల ఇంట్లో ఉంటే వాన లేని రోజు చూసుకోండి. ఎండాకాలం ఫ్యాన్ ఆపి పాడటం కష్టమే, అయినా ఆపాల్సిందే. తెల్లవారుజామున నాలుగు, ఐదు గంటల మధ్య బండ్ల రొద ఉండదు, గది చల్లగా ఉంటుంది. కాకపోతే నిద్ర లేచిన గొంతు తెరుచుకోవడానికి అరగంట సాధన కావాలి. ఫ్రిజ్ మోత రాకుండా ప్లగ్ తీస్తే, తాళంచెవులు ఫ్రిజ్‌లో పెట్టండి. లేకపోతే పాట అయ్యాక ప్లగ్ పెట్టడం మరిచిపోతారు.

నోటికీ మైకుకూ మధ్య ఒక జానెడు దూరం, మధ్యలో పాప్ ఫిల్టర్. మైకును ముక్కు ఎత్తులో పెట్టి కొద్దిగా కిందకు వంచితే ప, బ, భ దగ్గర గాలి దెబ్బ తగలదు. పాటలో గట్టిగా పాడే చోట పాడుతూ లెవెల్ సరిచేయండి. మీటరు మైనస్ 12 నుంచి మైనస్ 10 డీబీ మధ్య తాకితే చాలు. 24 బిట్‌లో రికార్డ్ చేసేటప్పుడు లెవెల్ తక్కువైనా నష్టం లేదు, సున్నా దాటి పగిలితే మాత్రం బాగుచేయలేం. హెడ్‌ఫోన్‌లో మీ గొంతు ఆలస్యంగా వినిపిస్తుంటే సాఫ్ట్‌వేర్‌లో బఫర్‌ను 128కి తగ్గించండి. మిక్సింగ్ అప్పుడు 512కో 1024కో పెంచుకోవచ్చు. పల్లవి ఒకసారి పాడి కాపీ చేసి అతికించడం తేలిక, కానీ పాట ప్రాణం పోతుంది. మొత్తం పాట నాలుగైదు సార్లు పాడి, ప్రతి లైనుకూ బాగున్నది ఏరుకోండి.

డప్పు నిజంగా వాయించి రికార్డ్ చేయాలంటే మైకును నాలుగైదు అడుగుల దూరంలో, చర్మానికి నేరుగా కాకుండా పక్కకు పెట్టాలి. వాయించే ముందు మంట దగ్గర కాచడం మామూలే, కానీ రికార్డింగ్‌లో ప్రతి రెండు మూడు టేకులకూ మళ్లీ కాచాలి. వానాకాలంలో చర్మం తేమ పీల్చి బిగువు వదులుతుంది, మొదటి చరణంలో ఉన్న మోత మూడో చరణంలో ఉండదు. ఆ రెండు టేకులనూ కలిపి అతికిస్తే అతుకు చెవికి తగులుతుంది.

4. మిక్సింగ్‌కు ఇచ్చేటప్పుడు

ప్రతి ట్రాక్‌నూ మొదటి సెకను నుంచి ఒకే పొడవుతో, 24 బిట్ వేవ్ ఫైలుగా తీసి ఇవ్వండి. ఎంపీ3 వద్దు. ఎక్కో, రివర్బ్ వేయని గొంతు ఇవ్వండి, వేసింది ఎలా ఉండాలో చూపడానికి ఒక నమూనా వేరుగా పంపొచ్చు. "డీజే బాక్సుల్లో దద్దరిల్లాలి" అని చెప్పి మాస్టర్‌ను విపరీతంగా బిగదీయించడం మన దగ్గర జబ్బులా పాకింది. స్పాటిఫై, యూట్యూబ్ రెండూ పాటను, మొత్తంగా ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే లెక్కలో మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ దగ్గరకు దించి వినిపిస్తాయి. మైనస్ 7కు బిగించిన పాట అక్కడ గట్టిగా వినిపించదు సరికదా, డప్పు దెబ్బలో పదును పోయి చప్పగా ఉంటుంది. పీక్ మైనస్ 1 డీబీ దాటకుండా చూడమనండి. చివరగా ఫోన్ స్పీకర్‌లో, ఆటోలో, ఒక పెద్ద బాక్సులో వినండి. బాక్సులో బేస్ మాయమైతే మిక్స్‌ను మోనోలో (రెండు ఛానళ్లనూ ఒకటిగా కలిపి) వినలేదని అర్థం, వెనక్కి పంపండి.

మిక్స్ అయ్యాక నాలుగు ఫైళ్లు అడిగి తీసుకోండి: పూర్తి పాట, గొంతు లేని ట్రాక్, గొంతు మాత్రమే, విడి ట్రాక్‌ల ఫోల్డర్. స్టేజీ మీదకు, రీమిక్స్‌కు ఇవి కావాలి. ఆరునెలల తర్వాత అడిగితే స్టూడియో హార్డ్‌డిస్క్‌లో ఉండకపోవచ్చు.

5. విడుదల

స్పాటిఫై, యాపిల్ మ్యూజిక్, జియోసావన్ లాంటివి పాటను సాధారణంగా మీ నుంచి నేరుగా తీసుకోవు, మధ్యలో పాటను వాటికి చేర్చే డిస్ట్రిబ్యూటర్ కావాలి. డిస్ట్రోకిడ్‌కు ఏడాది చందా కట్టాలి. సీడీ బేబీ విడుదలకు ఒకసారి ఫీజు తీసుకుని, వచ్చిన ఆదాయంలో 9 శాతం ఉంచుకుంటుంది. రూట్‌నోట్ ఉచిత పద్ధతిలో 15 శాతం కోసుకుంటుంది. ఏడాదికి ఒకటి రెండు పాటలైతే శాతం పద్ధతి, నెలనెలా పాట వేసేవాళ్లకు చందా పద్ధతి నయం.

కవర్ బొమ్మ 3000 బై 3000 పిక్సెళ్ల చతురస్రం. దాని మీద ఫోన్ నంబరు, ఇన్‌స్టా ఐడీ, ఛానల్ లోగో ఉంటే తిప్పి పంపుతారు. రచయిత, స్వరకర్త గడుల్లో మారుపేరు కాకుండా ఆధార్‌లో ఉన్న పేరు రాయాలి, రాయల్టీ ఆ పేరుతోనే వెతుక్కుంటూ వస్తుంది. కళాకారుడి పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకే స్పెల్లింగుతో ఎప్పుడూ రాయండి. ఆ పేరుతో ఇంకొకరు ఇప్పటికే ఉంటే ఇంటిపేరో ఊరిపేరో చేర్చండి, లేదంటే మీ పాట వాళ్ల పేజీలో పడుతుంది. ప్రతి రికార్డింగ్‌నూ గుర్తుపట్టేందుకు డిస్ట్రిబ్యూటర్ ఇచ్చే 12 అక్షరాల ఐఎస్ఆర్‌సీ కోడ్‌ను రాసి పెట్టుకోండి, చివర్లో దాని అవసరం పడుతుంది.

పాటను విడుదల తేదీకి కనీసం నాలుగు వారాల ముందు ఎక్కించండి. స్పాటిఫై ఎడిటర్లకు పాట చూపించాలన్నా, మిమ్మల్ని ఫాలో అయ్యేవాళ్ల కొత్త పాటల జాబితా అయిన రిలీజ్ రాడార్‌లో రావాలన్నా కనీసం ఏడు రోజుల ముందు పిచ్ చేయాలి. పండుగ పాటైతే ఇంకా ముందుండాలి. పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మ ఆడేసరికి జనం నోట్లో పాట పడి ఉండాలి, ఆ రోజు విడుదల చేస్తే అప్పటికే ఆలస్యం. మేడారం పాటలకు మాఘ పౌర్ణమికి రెండు నెలల ముందు. జాతర రెండేళ్లకోసారే కాబట్టి 2026 తప్పినవాళ్లు 2028 దాకా ఆగాల్సిందే.

పైసలిచ్చి స్ట్రీమ్‌లు, వ్యూస్ కొనొద్దు. కృత్రిమ స్ట్రీమ్‌లు ఎక్కువగా కనబడితే స్పాటిఫై డిస్ట్రిబ్యూటర్ మీద జరిమానా వేస్తుంది, అది మీ ఖాతాలోంచి పోతుంది, పాట కూడా తీసేస్తారు. 2024 నుంచి అక్కడ ఇంకో నిబంధన ఉంది: గత 12 నెలల్లో వెయ్యి స్ట్రీమ్‌లు దాటని పాటకు రాయల్టీ లేదు. ఒక పాటను వెయ్యి దాటించడం, పది పాటలను వందల దగ్గర ఆపడం కంటే మేలు.

6. యూట్యూబ్, కంటెంట్ ఐడీ

1,000 మంది సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ ఉంటే ప్రకటనల ఆదాయం మొదలవుతుంది. ఆ పైసలు గూగుల్ యాడ్‌సెన్స్ ఖాతాలో జమవుతాయి. యాడ్‌సెన్స్‌లో 10 డాలర్లు కాగానే ఇంటికి పోస్టులో పిన్ నంబరు వస్తుంది. ఊళ్లో అడ్రసు సరిగా లేక ఈ కవరు తప్పిపోవడం మామూలు. ఇంటి నంబరు, గ్రామం, మండలం, పిన్‌కోడ్, మీ ఫోన్ నంబరు రాయండి, పోస్ట్‌మ్యాన్‌కు ముందే చెప్పి పెట్టండి. 100 డాలర్లు దాటాక బ్యాంకుకు వస్తాయి. అమెరికా పన్ను ఫారం తప్పక నింపండి. మన తెలుగువాళ్లు అక్కడ బాగా చూస్తారు. ఫారం నింపితే ఆ దేశపు వ్యూస్ మీద వచ్చిన రాబడిలోనే 15 శాతం కోస్తారు, నింపకపోతే మొత్తం రాబడి మీద 24 శాతం దాకా పోవచ్చు.

కంటెంట్ ఐడీ అంటే మీ పాటను ఎవరు వాడినా యూట్యూబ్ పట్టుకుని రాబడి మీవైపు మళ్లించే ఏర్పాటు. డిస్ట్రిబ్యూటర్ ద్వారా పెట్టుకోవచ్చు. గొడవంతా ఇక్కడే. మీ ప్రోగ్రామర్ ముందే రికార్డ్ చేసి అందరికీ దొరికేలా పెట్టిన లూప్ ప్యాక్‌లోంచి డోలక్ ముక్క వాడితే, అదే ముక్క వాడిన వందమంది పాటల మీద మీ పేరుతో క్లెయిమ్‌లు పడతాయి, వాళ్లవి మీ మీద పడతాయి. చివరికి డిస్ట్రిబ్యూటర్ మీ కంటెంట్ ఐడీనే తీసేస్తాడు. ఆ పాటకు కంటెంట్ ఐడీ పెట్టకండి, లేదా రిథమ్ వాయించి రికార్డ్ చేయండి. పాత జానపద బాణీ మీద ఇంకో ఛానల్ క్లెయిమ్ వేస్తే భయపడి వీడియో తీసేయొద్దు. రికార్డింగ్ మీ సొంతమని, బాణీ సంప్రదాయమని రాసి డిస్ప్యూట్ పెట్టండి. వాళ్లు 30 రోజుల్లో జవాబివ్వకపోతే క్లెయిమ్ పోతుంది. క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు: క్లెయిమ్‌తో రాబడి మళ్లుతుంది, స్ట్రైక్ అంటే హక్కుదారు ఫిర్యాదుతో వీడియో తీసేసి ఛానల్‌కు వేసే శిక్ష. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానలే పోవచ్చు, కాబట్టి నిజంగా ఇతరుల ట్రాక్ వాడి ఉంటే మొండికేయకండి.

7. ఐపీఆర్ఎస్ సభ్యత్వం

డిస్ట్రిబ్యూటర్ పంపేది మాస్టర్ రాబడి మాత్రమే. సాహిత్యానికి, బాణీకి టీవీ, రేడియో, స్ట్రీమింగ్, సభల నుంచి వచ్చే రాయల్టీని 1969లో ఏర్పడిన ఐపీఆర్ఎస్ అనే కాపీరైట్ సొసైటీ వసూలు చేసి పంచుతుంది. మీరు రచయిత, స్వరకర్త రెండూ అయితే రెండు పాత్రల్లోనూ దరఖాస్తు పెట్టండి. సభ్యత్వం రాగానే పని అయిపోలేదు. ప్రతి పాటనూ విడిగా, శాతాలతో సహా నమోదు చేయాలి. మొదటి మెట్టులో సంతకాలు పెట్టించుకున్న ఆ పేజీలోని శాతాలే ఇక్కడా రాయాలి, లెక్క కుదరకపోతే పాట వివాదంలో పడి డబ్బు ఆగుతుంది. గాయకుడిగా వచ్చే హక్కు ఇసామ్రా అనే వేరే సంస్థ చూస్తుంది.

8. స్టేజీ

స్ట్రీమింగ్ పైసలు నిదానంగా వస్తాయి, ఇల్లు గడిపేది స్టేజీయే. హన్మకొండ పబ్లిక్ గార్డెన్‌లోని నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం, 2024లో మొదలైన కాళోజీ కళాక్షేత్రం, వరంగల్ నిట్ కాలేజీ వేడుక స్ప్రింగ్‌స్ప్రీ, కాలేజీ ఫ్రెషర్స్ వేడుకలు, ఊరి జాతరలు అన్నీ దారులే. ఆకాశవాణిలో లలిత సంగీతం, జానపదం విభాగాలకు ఆడిషన్ ఉంటుంది. బీ, బీ హై, ఏ, టాప్ అని గ్రేడ్లు ఇస్తారు. గ్రేడు కాగితం ప్రభుత్వ కార్యక్రమాల్లో బరువుగా పనిచేస్తుంది.

ఒప్పుకున్న రోజే సగం అడ్వాన్సు, మిగతా సగం స్టేజీ ఎక్కే ముందు. దిగాక ఇస్తామన్న మాట నమ్మితే టెంటు విప్పేటప్పుడు నిర్వాహకుడి ఫోన్ స్విచాఫ్ వస్తుంది. మీకు కావలసిన మైకులు, మానిటర్లు (మీవైపు తిప్పిన స్పీకర్లు), డీఐ బాక్సుల (ల్యాప్‌టాప్ శబ్దాన్ని మిక్సర్‌కు కలిపే పెట్టెలు) జాబితా వాట్సాప్‌లో ముందే పంపండి. ట్రాక్ వేసి పాడేటప్పుడు ఎడమ ఛానల్‌లో క్లిక్, కుడి ఛానల్‌లో ట్రాక్ పెట్టుకుంటే డప్పు వాయించేవాళ్లు తప్పరు, కానీ ఎడమది పొరపాటున బాక్సులకు కలపకుండా సౌండ్ అబ్బాయికి చెప్పండి. ఊళ్లో జనరేటర్ మీద "బుర్" మని శబ్దం వస్తే ముందు ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి, అది ఆగకపోతే డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ నొక్కండి. రాత్రి పది దాటితే బయట లౌడ్‌స్పీకర్‌కు అనుమతి ఉండదు, కాబట్టి గట్టి పాటలు తొమ్మిదిన్నరలోపే అయిపోయేలా వరస పెట్టుకోండి.

9. లెక్కలు, డిస్ట్రిబ్యూటర్ మార్పు

పాటకో పేజీ పెట్టి ఖర్చు, రాబడి రాయండి. కంపెనీలు 10 శాతం టీడీఎస్ కోసి ఇస్తే, ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోయినా రిటర్న్ వేస్తే అది తిరిగొస్తుంది. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ సంగతి చార్టర్డ్ అకౌంటెంట్‌ను అడగాలి.

చందా పద్ధతి డిస్ట్రిబ్యూటర్ దగ్గర కార్డు గడువు ముగిసి చందా ఆగితే పాటలన్నీ ఒక్కసారిగా మాయమవుతాయి. గడువుకు నెల ముందు ఫోన్‌లో అలారం పెట్టుకోండి. వేరే చోటికి మారాలంటే మొదట కొత్త డిస్ట్రిబ్యూటర్ దగ్గర అదే ఆడియో, అదే పేరు, అదే విడుదల తేదీ, రాసి పెట్టుకున్న అదే ఐఎస్ఆర్‌సీ కోడ్‌తో పాట ఎక్కించండి. అది అన్ని చోట్లా కనబడ్డాకే పాతది తీసేయమనండి. ముందు తీసేసి తర్వాత ఎక్కిస్తే ప్లేలిస్టుల్లోంచి పాట జారిపోతుంది. కోడ్ మారితే స్ట్రీమ్ లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది.